ఓలికొచ్చిన బండి

మొన్న కొండల మీద వలిసె చేలు పూసిన రోజుల్లో మా తమ్ముడి కొడుకు కాఫీ కొట్టు ముందు పాత మోటారు సైకిళ్ళు బారులు తీరాయి. పట్నం నుంచి వచ్చిన గుంపు. తోలు కోట్లు, మోకాళ్ళకి చిప్పలు, హెల్మెట్ల మీద కెమెరాలు. బళ్ళు మాత్రం మా కాలం నాటివే. తుడిచి, రంగులేసి, పెళ్ళికూతుళ్ళని నిలబెట్టినట్టు నిలబెట్టారు. అందులో ఒకటి నల్ల రాజ్‌దూత్. పెట్రోలూ ఆయిలూ కలిసి మాడిన దాని పొగ వాసన ముక్కుకి తగిలింది. చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

ఆ బండి కుర్రాడు మంచివాడే. "ఆంటీ, ఇది మీ జమానాది. దీని మీద కూచుంటే ఫ్రీడమ్ అంటే ఏంటో తెలుస్తుంది," అన్నాడు. మా వాడు ఊరుకోవచ్చు కదా. పళ్ళికిలించి, "మా అత్తని ఒకప్పుడు ఇలాటి బండికే ఇచ్చీసినారండీ," అన్నాడు. గుంపంతా నవ్వింది. ఆ కుర్రాడు నన్ను బండి పక్కన నిలబడమన్నాడు, ఫోటోకి.

నిలబడలేదు. తిట్టాను. ఏం తిట్టానో రాయను గానీ, మావాడు ఆ రోజంతా నా మొహం చూడలేదు. వయసు మీద పడితే కోపం తగ్గుతుందంటారు. అబద్ధం. ఓపిక తగ్గుతుంది, కోపం ఎక్కడిదక్కడే ఉంటుంది. నవ్వినవాళ్ళకి సగమే తెలుసు. మిగతా సగం నేను చెప్పాలి.

మా కొండల్లో పిల్లని చేసుకునేవాడే పిల్ల తండ్రికి ఓలి ఇవ్వాలి. ఎడ్లు, మేకలు, ధాన్యం, కల్లు కుండలు. పెంచిన ఇంట్లో ఒక పనిచేసే చెయ్యి తగ్గుతుంది కాబట్టి అది మర్యాద. కింది ఊళ్ళ నుంచి వచ్చి సంతలో కొట్లు పెట్టుకున్న షావుకార్లు ఇది విని, "మీరే నయం, మాకు కట్నాలతో నడుం ఇరిగిపోతంది," అనేవాళ్ళు. ఇప్పుడు మా వాళ్ళు కూడా వాళ్ళని చూసి కట్నాలు నేర్చారు. పిల్లతోపాటు బండి ఇస్తున్నారు. అప్పుడు పిల్లని ఇచ్చి బండి తెచ్చుకున్నారు. ఎటు తిప్పినా బండిదే రాజ్యం.

ఆ రాజ్‌దూత్ నాకు కాబోయే మావగారిది. కాఫీ తోటల్లో మేస్త్రీగా చేసేవాడు. కొండ కింద శృంగవరపుకోటలో, మేం కోట అంటాం, ఎవరి దగ్గరో పాతది కొని తెచ్చుకున్నాడు. చుట్టుపక్కల గూడేలన్నిటికీ అదొక్కటే బండి. ఒకసారి సంత నుంచి వస్తూ మా అయ్యని వెనక ఎక్కించుకున్నాడు. అయ్య ఇంటికొచ్చి, తలకి చుట్టిన తువ్వాలు కూడా తియ్యకుండా అరుగు మీద కూలబడి, "కాల్లు కదపక్కర్నేదే. కూకుంటే సాలు, కొండే ఎనక్కెల్లిపోతాది," అన్నాడు. అన్నం పెట్టినా అదే మాట. నీళ్ళిచ్చినా అదే మాట. ఆ ఇంట్లో పెళ్ళికాని గుంటడు ఉన్నాడని గుర్తొచ్చేదాకా మనిషికి నిద్ర లేదు.

ఓలి మాట్లాడుకునే రోజు వాళ్ళు ఎడ్ల జత ఇస్తామన్నారు. అయ్య తల అడ్డంగా ఊపాడు. మేకలు కూడా కలుపుతామన్నారు. మళ్ళీ ఊపాడు. జీలుగు కల్లు కుండ అడుగు కనపడేదాకా ఊపుతూనే ఉన్నాడు. చివరికి గడ్డం ఎత్తి చింతచెట్టు కింద నిలబెట్టిన బండిని చూపించాడు. అందరూ నవ్వారు, మేస్త్రీ తప్ప. కానీ అప్పటికే కల్లు తాగి, పిల్లని అడిగి, మాట ఇచ్చి ఉన్నారు. వెనక్కి తగ్గితే నామోషీ. నేను లోపల పందికూర కలుపుతూ వింటున్నాను. నన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. బండిని మాత్రం కిక్కు కొట్టి, లైటు వేసి, హారను మోగించి చూసుకున్నారు.

మాఘంలో పెళ్ళి. చైత్రంలో ఇటుకల పండగకి పుట్టింటికొచ్చాను. మా వాళ్ళకి అదే పెద్ద పండగ. మగాళ్ళు అడవికి వేటకి పోతారు. ఆడాళ్ళు దారికి వెదుర్లు అడ్డం పెట్టి పాటలు పాడుతూ వచ్చేపోయేవాళ్ళని ఆటపట్టిస్తారు. వేట దొరక్కుండా ఒట్టి చేతులతో వచ్చినవాడి మీద పేడనీళ్ళు పోస్తారు. ఆ ఏడు మా అయ్య వేటకి బండి మీద పోయాడు. ఆ చప్పుడుకి అడవిలో ఎలక కూడా మిగల్లేదని తోటివాళ్ళు తిట్టుకున్నారు. అయ్య తిరిగొచ్చేసరికి మేం కుండలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాం. ఆయన దిగి, బండికి ముందుకొచ్చి, చేతులు బార్లా చాపి నిలబడ్డాడు. "నా మీద పొయ్యండే. బండి మీద పడితే మాత్రం ఊరుకోను," అన్నాడు. పేడంతా ఛాతీ మీదే పోయించుకున్నాడు. మేం కడుపు పట్టుకుని నవ్వాం. అప్పుడు నాకూ నవ్వే వచ్చింది.

మామిడి కొత్త నాడు, దేవతకి పెట్టనిదే ఎవరూ పండు ముట్టుకోకూడని ఆ రోజున, అయ్య ముందు ముక్క తీసుకెళ్ళి బండి లైటు మీద పెట్టాడు. పెట్రోలు సంతలో సీసాల్లో అమ్మేవాళ్ళు. అందులో ఆయిలు కలిపి పొయ్యాలి. కల్లు తాగే ఆనప బుర్రతోనే కొలిచేవాడు. దాంతో మా ఇంట్లో కల్లుకి ఆయిలు వాసన వచ్చేది, ఆ బుర్రని అమ్మ ఎంత బూడిదతో తోమినా పోయేది కాదు. పండగలకి నేనక్కడ ఉన్నన్నాళ్ళూ మా తమ్ముడూ నేనూ బండి ప్లగ్గు విప్పి సామబియ్యం కుండలో దాచేవాళ్ళం. అయ్య కిక్కు కొట్టి కొట్టి, చెమటలు కక్కి, బండికి దిష్టి తగిలిందని మిరపకాయలు దిగదుడిచేవాడు. ఆయన మిరపకాయలు పొయ్యిలో వేసి వచ్చేలోగా మేం ప్లగ్గు పెట్టేసేవాళ్ళం. దిష్టి పోయేది. ఏది విప్పితే ఏది ఆగుతుందో నాకు అలా అల్లరిగానే వచ్చింది.

అత్తారింట్లో బండి లేదు. అది ఉండే చోట నేల మీద ఆయిలు మరక ఉండేది. నా మొగుడు పొద్దున్న లేస్తే ఆ మరక చూసేవాడు. నిజానికి వాళ్ళ అయ్య బండి ఇచ్చేస్తున్నప్పుడు అతన్నీ ఎవరూ అడగలేదు. ఆ కోపం తండ్రి మీద తీర్చుకోలేడు కదా, అందుబాటులో ఉన్నది నేను. కట్టెల మోపుతో ఆలస్యంగా వస్తే "బండైతే బేగి వచ్చీసును," అనేవాడు. వానల్లో చలిజ్వరం వచ్చి పడుకుంటే "బండికి జొరం రాదు," అన్నాడు. తాగితే చెయ్యి లేచేది. ఆ చెయ్యి నా మీద పడుతున్నప్పుడు కూడా నోట్లో "నా బండి" అనే మాటే. అత్త అడ్డం వచ్చేది. ఆవిడకీ తగిలేవి.

వలిసెలు పూసేవేళకి వచ్చేశాను. కొండలన్నీ పసుపు ఆరబోసినట్టు ఉన్నాయి. ఇప్పుడు ఆ పూలల్లో నిలబడి ఫోటో తీసుకోవడానికి టిక్కెట్టు పెట్టారు. నేను ఆ చేల గట్ల మీదే వాచిన మొహంతో నడిచొచ్చాను.

మా వాళ్ళలో ఆడది మొగుణ్ణి వదిలెయ్యడం తప్పు కాదు. అది మా కొండల గొప్పే, కాదనను. కానీ తీసుకున్న ఓలి తిరిగిచ్చెయ్యాలి. ఇచ్చేస్తే పెద్దలు పుల్ల విరిచి చెరో ముక్కా చేతిలో పెడతారు, ఎవరి దారి వాళ్ళది. ఇవ్వలేకపోతే పిల్ల వెనక్కి పోవాలి. బండి ఇచ్చేస్తే సరిపోతుంది కదా అనుకుంటూ వాకిట్లోకి వచ్చాను. బండి సీటు మీద కోడి పొదుగుతోంది.

జరిగిందేంటంటే, మా కొండల్లో బండి దొరికిన ప్రతివాడూ చేసే పనే అయ్యా చేశాడు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు తాళం తిప్పి ఇంజను ఆపేసి దిగడం. దిగుడులో పెట్రోలు కాల్చేవాడు తెలివితక్కువవాడని మా అందరి నమ్మకం. అయ్య ఇంకో ఆకు ఎక్కువ చదివాడు. బ్రేకులు అరిగిపోతాయని బండిని గేరులోనే ఉంచి దిగేవాడు, ఇంజనే పట్టి ఆపుతుందని. ఆ రకం బండికి ఆయిలు విడిగా ఉండదు, పెట్రోలుతో కలిసే లోపలికి పోతుంది. యాక్సిలేటరు మూసేస్తే పెట్రోలు ఆగుతుంది, దాంతో ఆయిలూ ఆగుతుంది. పిస్టను ఎండకెండి తిరిగి తిరిగి, కోట ఊరు కింద కనపడుతుండగానే బోరు గొట్టానికి కరుచుకుపోయింది. వెనక చక్రం బిగుసుకుని బండి పక్కకి జారింది. అయ్యకి మోచెయ్యి దోక్కుపోయింది. లారీలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. అప్పట్నుంచి అది కోళ్ళ పాలయింది.

నన్ను చూసి అయ్య అడిగిన మొదటి మాట, "ఎందుకొచ్చినావే?" నా మొహం ఆయనకి కనపడుతూనే ఉంది. రెండో మాట, "ఆల్లు బండి అడుగుతారేటి?"

 

పెద్దలు కూచున్నారు. ఊరి పెద్ద వరసకి నాకు తాత. అయ్య ఆయన ముందు చేతులు కట్టుకుని, "బండి సచ్చిపోయింది తాతా. సచ్చిన ఓలిని ఎలా తిరగ్గొడతాను? గుంట ఎల్లిపోవాల," అన్నాడు. చచ్చిన బండి తన దగ్గరే ఉండాలి, బతికున్న కూతురు మాత్రం వెళ్ళిపోవాలి. అది కూడా ఆయన నా వైపు చూస్తూనే అన్నాడు.

"నానెల్లను," అన్నాను.

తాత నోట్లోంచి చుట్ట తీశాడు. "ఓలికొచ్చిన ఎద్దు సచ్చిపోతే, దాన్ని మోసుకెల్లి ఇత్తామేటి? నడిసొచ్చిన ఓలి నడిసే ఎల్లాల. ఆ బండి దానంతటది ఆల వాకిట్లోకి ఎల్తే నాను పుల్ల ఇరుత్తాను. తోసుకెల్తే సెల్లదు. వలిసె కోత అయినదాకా సూత్తాను. ఆ తరవాత నువ్వు నీ మొగుడి కాడికి ఎల్లిపోవాలమ్మా," అన్నాడు. ఇనుముకీ ఎద్దుకీ ఒకే న్యాయం. అందరూ బాగుందన్నారు.

మర్నాడు పొద్దున్న అమ్మా నేనూ చోళ్ళు దంచుతున్నాం. అమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. రోకలి ఆపకుండానే, "నా ఓలికిచ్చిన ఎడ్లు ఆ ఏడే గాలికుంటు తగిలి సచ్చిపోనాయి. ఇంక నానేటి తిరగ్గొట్టి పోతాను?" అంది.

రోకలి నా చేతిలో ఆగిపోయింది. అమ్మ ఒకప్పుడు వెళ్ళిపోదామనుకుందని నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. రెండెడ్లు చచ్చిపోయినందుకు ఆవిడ జన్మంతా ఆ ఇంట్లో చోళ్ళు దంచింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నేను వెళ్ళి కోడిని లేపి బండి సీటు తుడిచాను.

బండి సామాన్ల సంచీ అయ్య తల కింద పెట్టుకునేవాడు. ఆయన కల్లుచెట్టు దగ్గరికి పోయినప్పుడు తీసేసుకున్నాను. ప్లగ్గు విప్పాను. అమ్మ ఇంట్లో కాచిన వలిసె నూనె గోరువెచ్చగా తెచ్చి, ఆ చిల్లులోంచి పోసింది. చంటిపిల్లకి ఉగ్గు పోసినంత జాగ్రత్తగా పోసింది. ఇంటి వెనకంతా వలిసె నూనె వాసన. రోజూ నూనె పోసి నానబెట్టడం, పొలానికి పోయేముందు ఇద్దరం కలిసి కిక్కు మీద బరువు వెయ్యడం. అది రాయి. మళ్ళీ పొయ్యడం, మళ్ళీ తొక్కడం. అయ్య అరుగు మీంచి చూసి, "ఏటి సేత్తన్నారే మీరు? దానికి తలంటుతున్నారా?" అని వెక్కిరించేవాడు. ఒక పొద్దున్న అమ్మ కాలి కింద అది కటుక్కుమని కదిలింది. అమ్మ భయపడి దిగిపోయింది.

పైన తల విప్పి, బోరు ఊడదీసి చూస్తే పిస్టను పక్కలన్నీ గీసుకుపోయి ఉన్నాయి. అమ్మ మెడలో వెండి కంటె తీసి నా మెడలో వేసింది. బోరునీ పిస్టన్నీ పసుపుకొమ్ముల గంపలో పెట్టుకుని జీపులో కోట దిగాను. మెకానిక్కు కింది ఊరివాడు, పెద్ద వయసు. గంపలోకి తొంగిచూసి, "ఏటమ్మా, పసుపులో పిస్టను తెచ్చినావు? మీ మగోల్లేరి?" అన్నాడు.

"ఆల్లే దీన్ని సంపినారు. నాకు ఇది బతకాల," అన్నాను.

బోరు కోయించి, కొంచెం పెద్ద పిస్టను వేయించాడు. రింగుల మూతులు పిస్టను మీదున్న చిన్న మేకుల దగ్గరికే రావాలని, తప్పితే విరిగిపోతాయని చెప్పాడు. దిగుడులో కూడా ఇంజను ఆపొద్దనీ, యాక్సిలేటరు అప్పుడప్పుడూ కాస్త తిప్పుతుండాలనీ చెప్పాడు. నేను కంటె తీసి ఇచ్చాను. జాలిపడి వెనక్కిస్తాడేమో అనుకున్నాను. ఇవ్వలేదు. రుద్ది చూసి, పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఇచ్చేస్తాడని అనుకున్నందుకు జీపులో దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

బిగించేటప్పుడు ఒక రింగు విరగ్గొట్టాను. ఇంకోటి తేవడానికి మళ్ళీ కోట దిగాను. వలిసెలు ఎండి కోతకొచ్చేశాయి. ఆకాశంలో మబ్బు కనపడితే సంతోషించేదాన్ని, కోత ఆగుతుందని. ఊరంతా ఎండ కోసం మొక్కుకుంటుంటే నేను వాన కోసం మొక్కాను. చివరికి ఒక మధ్యాహ్నం బండి దగ్గి, తుమ్మి, నీలంగా పొగ కక్కి లేచింది. పెట్రోలు, ఆయిలు, మాడిన వలిసె నూనె, అన్నీ కలిసిన వాసన. కోళ్ళన్నీ పరుగో పరుగు.

అయ్య ఎక్కడున్నాడో పరిగెత్తుకుంటూ వచ్చాడు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. టాంకీ నిమిరి, "నా తల్లే, బతికినావా," అన్నాడు. నేను చలిజ్వరంతో నీలుక్కుపోయి, దెబ్బలు తిని వచ్చినదాన్ని అక్కడే నిలబడి ఉన్నాను. నేను పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్నెప్పుడూ తల్లీ అనలేదు.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు. "నడుత్తంది కదా, ఇంకేటి తొందర? ఆ గుంటడు మరీ అంత సెడ్డోడు కాదు. తాగుడొక్కటే," అని. తాళంచెవి నా బొడ్లో దోపుకున్నాను, పడుకున్నా తియ్యలేదు. కళ్ళంలో గడ్డి పరిచి బండి నడపడం నేర్చుకున్నాను. ఆడది నాగలి ముట్టుకోకూడదని ఆచారం కదా, దీనికీ నాగలిలాగే పిడులున్నాయి, పనికొస్తుందా అని ఒక ముసలాయన అనుమానం పెట్టాడు. తాత, "ఇది ఎద్దని తీర్పు సెప్పేసినాను. ఎద్దుని ఆడది తోలొచ్చు," అన్నాడు. ఆయన అన్న మాటల్లో నాకు పనికొచ్చినది అదొక్కటే.

కోత అయిన మర్నాడు బయలుదేరాను. అయ్య రాలేదు. తాతా ఇద్దరు పెద్దలూ అడ్డదారిన ముందే నడిచిపోయారు. నేను రోడ్డు మీద పోతుంటే పసుపు ఉడకబెట్టే ఆడాళ్ళు గరిటెలు పట్టుకుని లేచి చూశారు. దిగుడు వచ్చింది. ఇంజను ఆపలేదు. పెట్రోలు కాలితే కాలింది. పట్నం కుర్రాడు చెప్పిన ఆ ఫ్రీడమ్ ఏదీ నాకు తెలీలేదు. ఇది మధ్యలో ఆగితే నా బతుకు ఆగిపోతుందన్న భయం ఒక్కటే తెలిసింది. చేతులు తిమ్మిరెక్కి, పళ్ళు బిగబట్టి, ఆ వాకిట్లోకి పోయి ఆపాను.

నా మొగుడు లోపల్నుంచి వచ్చాడు. టాంకీ చూశాడు, లైటు చూశాడు, వంగి చక్రాలు చూశాడు. "గీతలు పడిపోనాయి," అన్నాడు. కిక్కు కొట్టి చూసుకున్నాడు. నా మొహం మాత్రం చూడలేదు. తాత పుల్ల విరిచి చెరో ముక్కా ఇచ్చాడు. అతను తన ముక్కని చెవి మీద పెట్టుకుని బండి తుడుచుకోవడంలో పడ్డాడు. అత్త మాత్రం ఊరి చివరిదాకా వచ్చి, "ఇంక రాకమ్మా," అంది. అంతకంటే ప్రేమగా ఆ ఊళ్ళో నాతో ఎవరూ మాట్లాడలేదు.

నడిచి ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. మా అరుగు నిండా జనం. నాకోసం అనుకున్నాను. కాదు, అయ్యని పరామర్శించడానికి వచ్చారు. ముసలమ్మలు చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, "ఎంత సాకినాడో పాపం. బంగారంలాటి బండి," అంటున్నారు. అయ్య తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. వాళ్ళని దాటుకుంటూ లోపలికి పోయాను. ఒక్కరూ ఎలా వచ్చావని అడగలేదు. చావు జరిగిన ఇంట్లోలాగే పొయ్యి వెలిగించలేదు. అమ్మ చీకట్లో గోడకి ఆనుకుని కూచుని ఉంది.

పొయ్యి నేనే రాజేశాను. చోడి అంబలి కాచాను. మా ఇళ్ళల్లో మొదటి బుర్రెడు ఇంటి మగాడికి పోసి, ఆయన తాగాకే ఆడాళ్ళు తాగాలి. ఆ పూట మొదటిది నేనే తాగాను. రెండోది అమ్మ చేతికిచ్చాను. అయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అమ్మ ఆయన వైపు ఒకసారి చూసి, బుర్ర ఎత్తి మొత్తం తాగేసింది.